టైరు పెరిగితే బండి ఎంత లేస్తుంది?

హైదరాబాదు పాతబస్తీ అంచున ఉన్న కంచన్‌బాగ్ పేరు మీరు వినే ఉంటారు. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ సంస్థ 1970లోనూ, ప్రత్యేక మిశ్రమ లోహాలు తయారుచేసే మిధాని 1973లోనూ ఏర్పడ్డాయి. రెండింటికీ చిరునామా కంచన్‌బాగే. అయితే అక్కడి రోడ్ల మీద రోజూ కనిపించేవి క్షిపణులు కావు. కూరగాయలు, సిమెంటు బస్తాలు, మంచినీళ్ల డబ్బాలు మోసే పికప్ బండ్లు! నిండా బరువుతో స్పీడ్ బ్రేకర్ దాటుతున్నప్పుడు ఆ బండి పొట్ట గర్రుమని రోడ్డుకు గీసుకోవడం మీరూ వినే ఉంటారు. అప్పుడు డ్రైవరుకు తోచే ఉపాయం ఒక్కటే: "పెద్ద టైర్లు వేయిస్తే సరి!"

సరిపోతుందా? పెన్సిలు, కాగితం తీసుకోండి. లెక్క వేసి చూద్దాం.

ముందు టైరు పక్కగోడ మీద అచ్చు పోసిన అంకెలు చదవడం నేర్చుకుందాం. ఒక పికప్ టైరు మీద 215/75 ఆర్ 15 అని ఉందనుకోండి. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం అని. ఆర్ అంటే రేడియల్ రకం. చివరి 15 లోపలి ఇనుప చక్రం, అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఒకే టైరు మీద మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు మూడూ కలిసి కాపురం చేస్తున్నాయి! ఎందుకిలా అని అడక్కండి, లోకమంతా అలాగే అలవాటైపోయింది.

215లో 75 శాతం సుమారు 161 మి.మీ. రిమ్‌కు పైన ఒక పక్కగోడ, కింద ఒక పక్కగోడ ఉంటాయి కనుక రెండు కలిపితే 322 పైచిలుకు. 15 అంగుళాలంటే 381 మి.మీ. మొత్తం వ్యాసం దాదాపు 704 మి.మీ. ఇప్పుడు డ్రైవరు దీన్ని తీసేసి 235/75 ఆర్ 15 వేయించాడనుకుందాం. అదే పద్ధతిలో లెక్క కడితే వ్యాసం 734 మి.మీ. వస్తుంది. అంటే చక్రం 3 సెంటీమీటర్లు పెరిగింది. మరి బండి 3 సెంటీమీటర్లు లేచిందా? లేదు! ఇరుసు ఉండేది చక్రం మధ్యలో. పెరిగిన దానిలో సగం ఇరుసుకు పైన ఉంటుంది, సగం కింద ఉంటుంది. బండిని లేపేది కింది సగమే. డబ్బు పెట్టి కొన్న 3 సెంటీమీటర్లలో దక్కింది ఒకటిన్నర.

ఈ ఒకటిన్నర ఎక్కడ పనికొస్తుందో కూడా తెలియాలి. పికప్ వెనక ఇరుసు మధ్యలో కుండలాంటి ఇనుప పెట్టె ఉంటుంది. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. చాలా బండ్లలో నేలకు అతి దగ్గరగా ఉండేది అదే. ఇరుసు కమాన్ పట్టీల కింద ఉంటుంది కనుక, కమాన్లు ఎంత ఎత్తు చేయించినా పైనున్న బాడీ లేస్తుందే తప్ప ఈ కుండ లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. బండి పొట్ట సంగతి వేరు. సైలెన్సరు గొట్టం, ఛాసిస్ అడ్డపట్టీలు కమాన్ల మీద ఆధారపడి ఉంటాయి. టన్ను బరువు ఎక్కించగానే కమాన్లు కొన్ని సెంటీమీటర్లు కుంగుతాయి. కొత్త టైరు ఇచ్చిన ఒకటిన్నర సెంటీమీటరు అక్కడే కరిగిపోతుంది. ఖాళీగా దాటిన స్పీడ్ బ్రేకర్ దగ్గరే బరువుతో వచ్చినప్పుడు గీసుకోవడానికి కారణం ఇదే.

నిజానికి తప్పంతా బండిదే కాదు. మన దేశపు రోడ్ల ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోని ముక్కలా ఉండాలి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 3 మీటర్లున్న బండి దాని మీద నిలబడితే నాలుగు చక్రాలూ ఆ గట్టు మీదే ఉంటాయి. అప్పుడు పొట్ట కిందికి గట్టు పొడుచుకు వచ్చేది 7 సెంటీమీటర్ల లోపే. జ్యామితి వచ్చినవాళ్లు సరిచూసుకోండి. కాలనీవాళ్లు సొంతంగా సిమెంటుతో కట్టుకున్న గట్టు అలా ఉండదు. రెండు జానల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు! అది పూర్తిగా చక్రాల మధ్యకు వస్తుంది కనుక మొత్తం ఎత్తూ పొట్టకు ఎదురవుతుంది.

ఇక కుదుపుల సంగతి. మన తాతల ఎడ్లబండికి అంతంత పెద్ద చక్రాలు ఎందుకుండేవో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక చక్రం మీద 100 కిలోల బరువుందనీ, దాని ముందు 10 సెంటీమీటర్ల రాయి అడ్డం వచ్చిందనీ అనుకోండి. ఇరుసును అడ్డంగా లాగి చక్రాన్ని రాయి ఎక్కించాలి. రాయి అంచే ఇక్కడ మీటకు ఆధార బిందువు. 75 సెం.మీ. వ్యాసార్ధం గల ఎడ్లబండి చక్రానికి 58 కిలోల బరువుకు సమానమైన లాగుడు చాలు. 22 సెం.మీ. వ్యాసార్ధం గల చిన్న స్కూటరు చక్రానికి 154 కావాలి, అంటే మోసే బరువు కంటే కూడా ఎక్కువ! మన పికప్ పాత టైరుకు 98, కొత్త టైరుకు 94. లాభం ఉంది, కాని కొద్దిగానే. గాలి టైరు రాయి దగ్గర లోపలికి నొక్కుకుంటుంది కనుక అసలు విలువలు ఇంకా తగ్గుతాయి. ఈ తేడా ఇంట్లోనే చూడవచ్చు. ఒక పెద్ద డబ్బా మూత, ఒక చిన్న డబ్బా మూత తీసుకుని, మధ్యలో పుల్లలు గుచ్చి, పెన్సిలు మీదుగా దొర్లించండి.

నొక్కుకోవడమే గాలి టైరు చేసే అసలు మేలు. కుదుపును మొదట మింగేది పక్కగోడ, తర్వాతే కమాన్లు. ఇది మరిచిపోయి కొందరు అందం కోసం పెద్ద రిమ్ వేయిస్తారు. మన బండికే 225/60 ఆర్ 17 వేస్తే ఏమవుతుంది? లెక్క కడితే వ్యాసం 702 మి.మీ. ఇనుప చక్రం రెండు అంగుళాలు పెరిగినా బండి లేవలేదు, పైగా ఒక మిల్లీమీటరు దిగింది! పక్కగోడ మాత్రం 161 నుంచి 135కు తగ్గింది. గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ రిమ్‌కూ, అక్కడి నుంచి మీ నడుముకూ తగులుతుంది. పెద్ద చక్రం బరువు కూడా ఎక్కువే. కమాన్లకు కింద ఉన్న బరువు పెరిగితే గతుకు ఎక్కిన చక్రం వెంటనే కిందికి రాలేదు. జడత్వం దాన్ని అలాగే పైకి తోస్తుంది.

పెద్ద టైరు తీసుకునే మూల్యం ఇంకా ఉంది. పాత టైరు కిలోమీటరుకు 452 సార్లు తిరిగితే కొత్తది 434 సార్లే తిరుగుతుంది. స్పీడోమీటరు లెక్కించేది చుట్లనే కనుక అది 60 చూపిస్తుంటే బండి నిజానికి 62.5 పైన పోతుంటుంది. ఇంజను ఇచ్చే మెలితిప్పు బలం మారదు. వ్యాసార్ధం పెరిగితే నేలను వెనక్కి తోసే బలం 4 శాతం తగ్గుతుంది. బ్రేకుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇరుసుతోపాటు గరిమనాభి కూడా పైకి పోతుంది కనుక మలుపులో బండి ఎక్కువ వాలుతుంది.

మరి ఎత్తూ మెత్తదనమూ రెండూ కావాలంటే? పృథ్వీ క్షిపణిని రూపొందించిన ప్రయోగశాల కూడా కంచన్‌బాగ్‌లోదే. 1988 ఫిబ్రవరి 25న తొలిసారి ప్రయోగించిన ఆ క్షిపణిని తరువాత సైన్యం కోసం టట్రా అనే ఎనిమిది చక్రాల ట్రక్కు మీద అమర్చారు. టట్రాలో అటు నుంచి ఇటుకు ఒకే ఇరుసు ఉండదు. బండి మధ్యలో వెన్నెముకలాంటి లావు గొట్టం ఉంటుంది, దానికి రెండు వైపులా సగం ఇరుసులు రెక్కల్లా వేలాడతాయి. ఒక చక్రం రాయి ఎక్కితే దాని రెక్క ఒక్కటే లేస్తుంది. మన పికప్‌లో కుండలా వేలాడే డిఫరెన్షియల్ ఇక్కడ గొట్టంలో పైన దాక్కుంటుంది. ఎత్తు టైరు నుంచి మాత్రమే కాదు, అమరిక నుంచి కూడా వచ్చిందన్నమాట.

ఎత్తు పెరిగిందని ధైర్యం చేసే చోటు ఇంకొకటి ఉంది, అదే వరద. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి, కంచన్‌బాగ్‌కు పక్కనే ఉన్న హఫీజ్‌బాబా నగర్ నీట మునిగింది. ఆ రోజుల్లో నగరంలో కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోయాయి. ఆర్కిమెడిస్ సూత్రం గుర్తు చేసుకోండి. టైరు అంటే గాలి తిత్తి. 215 టైర్లు నాలుగూ ఇరుసు వరకు మునిగితే నీరు వాటిని సుమారు 120 కిలోల బలంతో పైకి తోస్తుంది. టైరు పెద్దదైతే ఇంకా ఎక్కువ. క్యాబిన్ కింద నీరు తాకితే ఆ తోపు వేరే. బండి బరువు నేల మీద ఎంత తగ్గితే ఘర్షణ అంత తగ్గుతుంది, పక్క నుంచి వచ్చే ప్రవాహం బండిని అంత సులువుగా నెట్టేస్తుంది. ప్రవాహం వేగం రెట్టింపయితే ఆ నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు దీనికి జవాబు కాదు.

మీకొక లెక్క. మన 215/75 ఆర్ 15 బండికి ఎవరో 255/70 ఆర్ 16 టైర్లు వేయించారు. బండి ఎంత లేచింది? స్పీడోమీటరు 60 చూపినప్పుడు అసలు వేగమెంత? మీ జవాబులు 3 సెంటీమీటర్లకూ, 65 కిలోమీటర్లకూ దగ్గరగా వస్తే లెక్క సరిగ్గా చేసినట్లే.