చెరిపేయడమే కొలువు

2017 అక్టోబరులో మోర్గాన్ స్టాన్లీకి ఓక్లహామా నుంచి ఒక ఈమెయిల్ అందింది. రాసింది ఒక ఐటీ కన్సల్టెంట్. ఆన్‌లైన్ వేలంలో కొన్న పాత హార్డ్ డిస్కుల్లో మీ సంస్థ డేటా కనిపిస్తోంది, చూసుకోండి అన్నది దాని సారాంశం. అంతకు ముందటి ఏడాదే ఆ సంస్థ రెండు డేటా సెంటర్లు మూసేసింది. అక్కడి సర్వర్లను, డిస్కులను వదిలించుకునే పనిని సామాన్లు తరలించే ఒక కంపెనీకి అప్పగించింది. డేటాను నాశనం చేయడంలో ఆ కంపెనీకి అనుభవం లేదని తర్వాత విచారణలో తేలింది. డిస్కులు చేతులు మారి వేలానికెక్కాయి. 2020లో అమెరికా బ్యాంకింగ్ నియంత్రణ విభాగం 6 కోట్ల డాలర్లు, 2022లో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. సుమారు కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలను కాపాడలేకపోయారన్నది కమిషన్ అభియోగం.

ఈ కథలో హ్యాకర్ ఎక్కడా లేడు. పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. ఏ సీరియల్ నంబరు డిస్కు ఏ రోజు బయటికెళ్లింది, ఎవరు తీసుకెళ్లారు, దాన్ని ఏం చేశారు అని జాబితా పట్టుకుని సరిచూసే మనిషి లేకపోయాడు, అంతే. అదే సంస్థ బ్రాంచి ఆఫీసుల్లో పాత యంత్రాలను మార్చాక లెక్క చూసుకుంటే 42 సర్వర్లు ఎక్కడున్నాయో తెలియలేదు. వాటిలో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉన్నా, ఏళ్ల తరబడి దాన్ని ఆన్ చేయలేదు. లేకుండాపోయిన ఆ మనిషి చేయాల్సిన పనే ఇవాళ ఒక వృత్తి. పేరు ఐటీ అసెట్ డిస్పొజిషన్, పొట్టిగా ఐటాడ్. సైబర్ సెక్యూరిటీ అనగానే ఎథికల్ హ్యాకింగ్ కోర్సుల వైపు పరుగెత్తే విద్యార్థుల్లో చాలామంది ఈ పేరు విని ఉండరు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నా అమ్మినా వినిపించే మాట ఒకటుంది: ‘ఫార్మాట్ కొట్టేశాం, ఏమీ లేదు’. ఆ ఫార్మాట్ క్విక్ ఫార్మాట్ అయితే, ఏమీ లేదన్నది నిజం కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డులో యజమాని పేరు కొట్టేస్తే ఇల్లు కూలిపోదు కదా! క్విక్ ఫార్మాట్ చేసేదీ అంతే. ఫైళ్ల చిరునామాలు పోతాయి, ఫైళ్లలోని సరుకు డిస్కు మీద అలాగే ఉంటుంది. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ మాత్రం డిస్కంతా సున్నాలు రాస్తూ పోతుంది. ఈ తేడాను రెండు వాక్యాల్లో చెప్పగలిగిన అభ్యర్థి ఇంటర్వ్యూలో ఒక మెట్టు పైనుంటాడు.

అప్పట్లో ఎంఐటీలో చదువుతున్న సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ ఈ అనుమానాన్ని చాలా ముందే పరీక్షకు పెట్టారు. వాడేసిన హార్డ్ డిస్కులు 158 కొని తెచ్చారు. వాటిలో పనిచేసినవి 129. సక్రమంగా చెరిపినవి పన్నెండంటే పన్నెండే. మిగిలిన వాటిలో వేల సంఖ్యలో క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య సమాచారం బయటపడ్డాయి. ఒక డిస్కయితే ఏటీఎంలో వాడినట్టు తేలింది. 2003లో వెలువడిన ఆ పరిశోధన పత్రాన్ని ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ఒకసారైనా చదవాలి. భాష కష్టంగా ఉండదు.

మరి ఎన్నిసార్లు చెరిపితే పోయినట్టు? ఇక్కడ ఒక పాత నమ్మకం ఇంకా తిరుగుతోంది: 35 సార్లు రాయాలని. 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పత్రం నుంచి పుట్టిందది. అప్పట్లో వాడుకలో ఉన్న రకరకాల డిస్కుల ఎన్‌కోడింగ్ పద్ధతులన్నింటికీ కలిపి ఆయన 35 నమూనాలు ఇచ్చారు. కొత్త డిస్కులకు అవన్నీ వాడడం అర్థంలేని పని అని తర్వాత ఆయనే వివరణ ఇచ్చినా జనం వినలేదు. తిరిగే పళ్లేలున్న నేటి హార్డ్ డిస్కుకు, మొత్తం విస్తీర్ణం మీద ఒక్కసారి రాసి, ఆ తర్వాత సరిచూస్తే మామూలు అవసరాలకు చాలు. లెక్క కూడా అదే చెబుతుంది. సెకనుకు 150 ఎంబీ వేగంతో 1 టీబీ డిస్కు మీద రాయడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. సర్వర్లలో వాడే 20 టీబీ డిస్కుకు సెకనుకు 200 ఎంబీ చొప్పున వేసుకున్నా 28 గంటలకు దగ్గరవుతుంది. దాన్ని మూడుసార్లు చేయమనే మేనేజరు కరెంటు బిల్లు చూడడన్నమాట.

ఎస్ఎస్‌డీ దగ్గరికొచ్చేసరికి ఈ తెలివితేటలు సరిపోవు. ఫ్లాష్ చిప్పులో ఒకేచోట పదేపదే రాస్తే ఆ చోటు అరిగిపోతుంది. అందుకని లోపలి కంట్రోలర్ రాతలను అన్ని చోట్లకూ పంచుతుంది. చెరిపేశామనుకున్న ఫైలు పాత ప్రతి, సాఫ్ట్‌వేర్‌కు కనబడని మూలన ఉండిపోవచ్చు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు 2011లో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించారు. చెరిపే ఆదేశం అందుకున్న ఒక డ్రైవ్ ‘పని పూర్తయింది’ అని జవాబిచ్చింది, లోపల డేటా మొత్తం భద్రంగా ఉంది! అందుకే డ్రైవ్‌లో తయారీదారు పెట్టిన శానిటైజ్ ఆదేశం వాడాలి, వాడాక నమ్మకుండా తనిఖీ చేయాలి. మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న డ్రైవ్‌కైతే తాళంచెవి లాంటి ఎన్‌క్రిప్షన్ కీని నాశనం చేస్తే సరిపోతుంది. కీకి ఇంకో కాపీ ఎక్కడా లేదని తేల్చుకున్నాకే.

బలమైన అయస్కాంత క్షేత్రంతో డేటాను తుడిచేసే డీగాసర్ ఎస్ఎస్‌డీ మీద పనిచేయదు. హార్డ్ డిస్కు మీద పనిచేస్తుంది గానీ, చదివే హెడ్‌కు దారి చూపే సర్వో గుర్తులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి ఆ డిస్కు మళ్లీ వాడకానికి రాదు. ఇక ముక్కలు చేయడం. అమెరికా జాతీయ భద్రతా సంస్థ రహస్య సమాచారం ఉన్న ఎస్ఎస్‌డీలను 2 మిల్లీమీటర్లకు మించని రేణువులుగా నలగ్గొట్టాలంటుంది. చిప్పు చిన్నది, పెద్ద ముక్కల్లో అది చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది. సుత్తి దెబ్బలు, డ్రిల్లు కన్నాలు వీడియోలకు బాగుంటాయి.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 మార్గదర్శకం ఈ పద్ధతులను క్లియర్, పర్జ్, డిస్ట్రాయ్ అని మూడు అంచెలుగా విడదీసింది. ఏ డిస్కుకు ఏ అంచె అన్నది తేల్చడంలోనే ఉద్యోగి నైపుణ్యం బయటపడుతుంది. అన్నింటినీ పిండి చేయడం తేలికే. కానీ ఐటాడ్ కంపెనీకి రాబడి ఎక్కువగా తిరిగి అమ్మే సరుకు మీదే ఉంటుంది. బాగున్న డిస్కును అనవసరంగా నలగ్గొడితే నష్టం, నలగ్గొట్టాల్సిన దాన్ని అమ్మితే అంతకు ఎన్నో రెట్లు నష్టం.

మన దగ్గర ఈ పనికి చట్టం బలం ఇప్పుడిప్పుడే వస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ప్రకారం, అవసరం తీరిన వ్యక్తిగత డేటాను సంస్థలు చెరిపేయాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఇంకోవైపు 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత కంప్యూటర్లను పెద్ద సంస్థలు తుక్కు వ్యాపారికి తూకం వేసి ఇచ్చే రోజులు కావివి.

హైదరాబాద్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. డేటా సెంటర్లు నడిపే కంట్రోల్ఎస్ ఇక్కడ పుట్టిన కంపెనీయే. విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. క్లౌడ్ కంపెనీలు సర్వర్ల ఆయుష్షును ఐదారేళ్లుగా లెక్కగడతాయి. ఇవాళ దిగే ప్రతి ర్యాకూ ఒకరోజు బయటికి రావలసిందే. అలాగని వేల ఉద్యోగాలు రేపే కురుస్తాయనుకోకూడదు. మొదటి అవకాశాలు ఎక్కువగా ఐటీ కంపెనీల అసెట్ మేనేజ్‌మెంట్ విభాగాల్లో, ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ సంస్థల్లో ఉంటాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే రీ సస్టెయినబిలిటీ ఈ రెండో కోవలోనిది. గురుగ్రామ్‌కు చెందిన స్టెల్లార్, ఫిన్లాండ్‌లో పుట్టిన బ్లాంకో వంటివి చెరిపే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాయి. కోడింగ్ ఇష్టపడేవాళ్లకు అటు దారి ఉంది.

టెక్నీషియన్ స్థాయికి బీటెక్ అక్కర్లేదు. ఐటీఐలో కోపా లేదా హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడు, పాలిటెక్నిక్ డిప్లొమా, బీఎస్సీ కంప్యూటర్స్ ఏదైనా పనికొస్తుంది. కాంప్టియా ఏ ప్లస్ సిలబస్‌లో డేటా నాశనం ఒక పాఠ్యాంశంగానే ఉంది. డిగ్రీ తర్వాత లోతుగా వెళ్లాలనుకుంటే సీడాక్ అందించే ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమా చూడొచ్చు. అనుభవం వచ్చాక ఐఏఐటామ్ వారి సిటాడ్, ఐ-సిగ్మా వారి సీఎస్‌డీఎస్ లాంటి ప్రత్యేక సర్టిఫికేషన్లున్నాయి. ఫీజులు డాలర్లలో ఉంటాయి కాబట్టి ఉద్యోగంలో చేరాక, కుదిరితే కంపెనీ ఖర్చుతో రాయడమే తెలివి.

కోర్సులకన్నా ముందు ఇంట్లోనే చేయగలిగిన సాధన ఒకటుంది. పాత హార్డ్ డిస్కు ఒకటి తీసుకుని అందులో సొంత ఫొటోలు, ఉత్తుత్తి ఫైళ్లు వేసి క్విక్ ఫార్మాట్ చేయాలి. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ ఫోటోరెక్‌తో వాటిని వెనక్కి తేవాలి. తర్వాత చెరిపే సాఫ్ట్‌వేర్ ఎన్‌వైప్‌తో డిస్కంతా చెరిపి, మళ్లీ ఫోటోరెక్ నడిపి ఏమీ రాలేదని చూసుకోవాలి. చెరిపేటప్పుడు తక్కిన డిస్కులన్నీ ఊడదీసి పెట్టుకోవడం మంచిది. ఇంట్లోవాళ్ల పెళ్లి ఫొటోలున్న డ్రైవ్‌ను ఎంచుకుంటే ఎన్‌వైప్ మొహమాటపడదు. డిస్కు మోడలు, సీరియల్ నంబరు, వాడిన పద్ధతి, మొదలైన సమయం, ముగిసిన సమయం, తనిఖీ ఫలితం ఒక పట్టికలో రాస్తే అదే మొదటి నివేదిక. రెజ్యూమేకు జతచేయదగ్గది. కొన్న పాత డిస్కులో వేరేవాళ్ల డేటా కనిపిస్తే తెరిచి చూడకుండా చెరిపేయాలి. నియామకాల్లో నేపథ్య తనిఖీ కఠినంగా ఉండేది ఇలాంటి కుతూహలం ఉన్నవాళ్లను వడకట్టడానికే.

పనిలో మెరుపులేమీ ఉండవు. బార్‌కోడ్ స్కానర్, స్క్రూడ్రైవర్, ట్రేలు, నల్లటి తెరల మీద నెమ్మదిగా కదిలే శాతాలు. ష్రెడర్ గదిలో చప్పుడూ దుమ్మూ ఉంటాయి. చెవులకు, ముక్కుకు రక్షణ ఇవ్వని సంస్థలో చేరకపోవడమే మేలు. ఇంటర్వ్యూలో అభ్యర్థి కూడా కొన్ని ప్రశ్నలు అడగాలి. ఎలక్ట్రానిక్స్ రీసైక్లింగ్ సంస్థలకిచ్చే ఆర్2 గుర్తింపు ఉందా? డిస్కులు వచ్చేటప్పుడు సీరియల్ నంబర్లవారీగా లెక్క తీస్తారా, లేక బస్తాల లెక్కా? చెరపడానికి మొండికేసిన డిస్కును ఎక్కడ పెడతారు, ఎవరి తాళం కింద? చెరిపిన సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? తనిఖీ నివేదిక చూడకుండా సంతకం పెట్టమనే చోటైతే, జీతం ఎంతన్నది అడగాల్సిన పనే ఉండదు.