ఫైనల్, ఫైనల్ 2, ఇదే ఫైనల్

గుంటూరు జిల్లా పొన్నెకల్లు చిన్న ఊరే. బుర్రకథకు పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్‌దీ, వందల తెలుగు సినిమాలకు బాణీలు కట్టిన చక్రవర్తిదీ ఆ ఊరే. 1970ల మద్రాసులో, చక్రవర్తి సంగీత దర్శకుడిగా మొదలైన కాలంలో, గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకేసారి రికార్డింగ్ చేసేవారు. మధ్యలో ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటికే. అందుకే రిహార్సల్లోనే అన్నీ తేలిపోవాలి.

ఇవాళ నరసరావుపేటలోనో ఒంగోలులోనో ఇంట్లో ఒక గదిలో లాప్‌టాప్, మైకు పెట్టుకుని జానపదాలూ క్రైస్తవ గీతాలూ చేసే కుర్రాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ఏ ట్రాకునైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే ఫైనల్’ అంటూ ఫోల్డరు నిండుతుంది గానీ పాట బయటికి రాదు.

విడివిడి ట్రాకులను కలిపి ఒక్కటిగా తీయడమే బౌన్స్. ఇవాళ పాటను తేల్చి బయటికి తెచ్చేది అదే, కానీ ఆ పని పుట్టిందే కొరతలోంచి. 1967లో విడుదలైన బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌కు లండన్ స్టూడియోలో వాడిన టేపు మీద ట్రాకులు నాలుగే. అవి నిండితే అన్నిటినీ కలిపి, మరో టేపు మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి కుదించి, ఖాళీ అయిన చోట కొత్త వాద్యాలు చేర్చేవారు. కలిపాక డ్రమ్స్ ఒక్కటే తగ్గిద్దామంటే కుదరదు. పైగా కలిపిన ప్రతిసారీ టేపు రొద కొంత పెరిగేది. ఆ ఆల్బమ్ గొప్పతనమంతా కొరత పుణ్యమే అనడం మరీ ఎక్కువ. కానీ తేల్చుకుంటే తప్ప పని ముందుకు సాగని పరిస్థితి వాళ్లకు అప్పటికప్పుడు తేల్చుకోవడం అలవాటు చేసింది.

ఇప్పుడు ఆ బలవంతం లేదు. గడువు ఎవరికి వారే పెట్టుకోవాలి.

పూర్తి చేయడం ఒక ఎత్తు, అప్పగించడం ఇంకో ఎత్తు. మిక్సింగ్‌కు పంపే ట్రాకులన్నీ పాట మొదటి నుంచే ఎక్స్‌పోర్ట్ చేయాలి. రెండో చరణంలో వచ్చే ఫ్లూట్ అయినా సరే, ముందున్న నిశ్శబ్దంతో సహా వెళ్లాలి. లేదంటే అది ఎక్కడ కూర్చుంటుందో అవతలి ఇంజనీరు వెతుక్కోవాలి. ‘ఆడియో 17’ అని కాక ‘డప్పు’, ‘కోరస్’ అని పేర్లుండాలి. టెంపో రాసి పంపాలి, మాస్టర్ మీది లిమిటర్ తీసేయాలి, చివరి రివర్బ్ పూర్తిగా అణిగేదాకా నిడివి ఉంచాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా నాలుగు నిమిషాల స్టీరియో పాట సుమారు 69 ఎంబీ ఉంటుంది. బరువెక్కువని ఎంపీ3 చేసి పంపితే పోయిన వివరం మళ్లీ రాదు.

ఇవేవీ పెద్ద విద్యలు కావు. అవతలి మనిషి సమయం పాడు చేయకూడదన్న ధ్యాస ఉంటే చాలు. మిర్చి కళ్లంలో తాలుకాయ ఏరకుండా టిక్కీ (బస్తా) కట్టి గుంటూరు యార్డుకు తోలితే ధర ఎలా తెగుతుందో మిర్చి ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

చాలామంది ఎగ్గొట్టే పని ఒకటుంది. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలును మొదటి నుంచి చివరిదాకా వినడం! మ్యూట్‌లో ఉండిపోయిన ట్రాకూ, తెగిపోయిన ఆఖరి అక్షరమూ అక్కడే దొరుకుతాయి. ‘నా ప్రాజెక్టులో బాగానే వినిపించింది’ అన్న సంజాయిషీ ఎవరికీ అక్కర్లేదు.

మీ లాప్‌టాప్‌లో సగంలో ఆగిపోయిన పాటల్లోంచి ఒక్కదాన్ని ఈ ఆదివారం బయటికి తీయండి. బౌన్స్ చేసి ఫోను స్పీకర్లో ఒకసారి, హెడ్‌ఫోన్లలో ఒకసారి వినండి. నచ్చని మూడు చోట్లు కాగితం మీద రాసుకుని, అవి మాత్రమే సరిదిద్ది పంపేయండి. నాలుగోది కనిపిస్తే తర్వాతి పాటలో చూసుకోవచ్చు.