ఒక కథ – మూడు రంగములు

నాటకము వ్రాసినంత మాత్రమున పని ముగియదు. అది పాత్రధారి నోట మాటయై, ప్రేక్షకుని మనస్సున నాటుకొనవలెను. కావున నాటకము కూర్పదలచిన విద్యార్థులు "ఏమి చెప్పవలెను?" అనుదానితో పాటు "ఎట్లు చూపవలెను?" అనియు విచారింపవలెను. ఇందులకు మన పెద్దలు త్రొక్కిన మూడు త్రోవలను చూతము.

మొదటిది వీధిభాగవతము. ఊరి నడిమి బయలే దీనికి రంగము. ఇరువురు పట్టుకొన్న చిన్న తెర వెనుక నుండి పాత్ర ప్రవేశించును. కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ ముఖము చూపకమునుపే తన జడను తెరపై వేయును. ఆ యొక్క చేష్టతోనే యామె యతిశయము సభకంతకును తెలియును.

రెండవది తెరల నాటకము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున, తోలుబొమ్మలాట కుటుంబములవారు కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. తెర వెనుక నిలిచి బొమ్మల నాడించినవారు తామే తెర ముందునకు వచ్చుట సాహసమే. చిత్రించిన తెరలతో, గాలిలో తేలివచ్చు పాత్రలతో సురభివారు నేటికిని ప్రేక్షకులను అబ్బురపఱచుచున్నారు.

మూడవది బుర్రకథ. దీనికి ముగ్గురు చాలుదురు. నడుమ కథకుడు తంబుర మీటుచు కథ చెప్పును. ఇరుప్రక్కల వంతలలో ఒకడు హాస్యము, మఱొకడు లోకవ్యవహారము పలుకును. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి యీ పాత కళను చేపట్టి ప్రజల కష్టములను ప్రజలకే వినిపించెను. షేక్ నాజర్ ఈ కళకు గొప్ప పేరు తెచ్చెను.

ఇప్పుడొక కథ ననుకొందము. ఒక యూరి పెద్ద, చెఱువునకు నీరు తెచ్చు కాలువను పూడ్చి తన పొలములో కలుపుకొనెను. దిగువ పొలము లెండిపోయెను. అడుగుటకు అందఱికిని భయమే. దీనిని వీధిలో ఆడినచో, ఎండిన పొలము రైతు ప్రేక్షకుల నడుమ నుండియే లేచి రావచ్చును. తెరలతో ఆడినచో, నిండు చెఱువును, బీటలు వాఱిన చెఱువును ఒకదాని వెంట నొకటి చూపవచ్చును. బుర్రకథగా చెప్పినచో, ఊరివారు అడుగలేని ప్రశ్నను హాస్యపు వంత యడుగును. సభ నవ్వును, నవ్విన పిమ్మట ఆలోచించును.

వీనిలో ఏది మేలు? ఊహించి తేల్చుట కంటె ఆడి చూచుట మంచిది. ఒకే ఘట్టమును మూడు విధముల అభినయింపుడు. ఇద్దఱు మిత్రులను చివరి వరుసలో కూర్చుండబెట్టుడు. వారికి ఏ మాట వినబడెనో, ఎవరిపై జాలి కలిగెనో అడుగుడు. వారి మనస్సును తాకని యలంకారము ఎంత యందమైనదైనను విడిచిపెట్టుడు. అవసరమైనచో రెండు రీతులను కలుపుడు. వంత ప్రశ్న వేయగా రైతు సభ నుండి లేచి రావచ్చును.

రీతి కథను సేవింపవలెను; కథ రీతిని సేవింపరాదు. ఈ యొక్క సూత్రము మఱవనివారికి బడి యరుగైనను చక్కని రంగస్థలమే.

ప్రశ్నలు
1. వీధిభాగవతమునకు, తెరల నాటకమునకు గల భేదము లెవ్వి?
2. మీ యూరి సమస్య నొకదానిని తీసికొని, దానిని ఏ రీతిలో ప్రదర్శింతురో, ఏల యట్లు చేయుదురో వ్రాయుడు.