పాత చీటీ, పెరిగిన వయసు

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు, బరువు 45 కిలోలు. మోకాళ్ల నొప్పులకు పదిహేనేళ్ల కిందటి చీటీ చూపించి డైక్లోఫెనాక్ ఎస్‌ఆర్ 100 కొని అప్పుడప్పుడూ వాడుతోంది. బీపీ మాత్రలూ వేసుకుంటుంది. ఈమధ్య పాదాలు వాస్తున్నాయి. క్రియాటినిన్ 1.1, నార్మలే అన్నారు. ఇన్నాళ్లూ పడిన మాత్ర ఇప్పుడు పడకుండా పోతుందా? మింగలేకపోతే నూరి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: నూరి ఇవ్వకండి. డైక్లోఫెనాక్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. సుమారు రెండు గంటల్లోనే రక్తంలో సగానికి తగ్గిపోతుంది. అందుకే మందు కొద్దికొద్దిగా ఊరేలా ఎస్‌ఆర్ మాత్రను తయారు చేస్తారు. నూరితే రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే రక్తంలోకి చేరుతుంది.

ఇక వయసు సంగతి. కొన్ని నొప్పి మందులు పెద్దవాళ్ల ఒంట్లో పేరుకుపోతాయి. రోజుకొక్కటే చాలంటూ వచ్చిన బెనాక్సాప్రొఫెన్ అలాగే వృద్ధుల ప్రాణాల మీదికి తెచ్చింది. 1982లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. డైక్లోఫెనాక్ అంతగా పేరుకోదు. వయసుతో దాన్ని తట్టుకునే శక్తే తగ్గుతుంది. నొప్పి, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను ఈ మందు అడ్డుకుంటుంది. కానీ అవే జీర్ణాశయం పొరను కాపాడతాయి, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూస్తాయి. ముసలితనంలో కిడ్నీలు వాటి మీద మరింత ఆధారపడతాయి. మామూలు మాత్రయితే డోసుకూ డోసుకూ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. ఎస్‌ఆర్‌తో ఆ తెరిపి తక్కువ. ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచి పాదాలు వాస్తాయి, బీపీ పెరుగుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మందులతోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడుతుంటే కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ.

'నార్మల్' అన్న మాటతో నిశ్చింతగా ఉండకండి. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ కరిగిన మనిషిలో కిడ్నీలు మందగించినా ఆ అంకె పెద్దగా పెరగదు. వయసు, బరువు కలిపి లెక్కకడితే మీ అమ్మగారి కిడ్నీలు నిమిషానికి సుమారు 32 మి.లీ. రక్తాన్నే శుభ్రం చేస్తున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న యువతిలో ఇది 100 దాకా ఉంటుంది.

ఎస్‌ఆర్ మాత్ర ఆపి, వాడే మందులన్నీ తీసుకుని ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దు. మోకాళ్లకు పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలామందికి సరిపోతాయి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ పాత చీటీని ఇక మందుల షాపులో చూపించకండి.