చెరసాల గదిలో కార్మెల్ మఠం



యోహానుగారి సువార్త 13వ అధ్యాయంలో, కడరా భోజనం జరుగుతుండగా యూదా లేచి బయటికి వెళ్ళిపోతాడు. అప్పటికి రాత్రి అయిందని సువార్తికుడు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాడు. అది సూర్యుడు గుంకితే వచ్చే రాత్రి మాత్రమే కాదని శ్రీసభ పెద్దలు ఏనాటినుండో చెబుతున్నారు. అలాంటి రాత్రి ఒకప్పుడు ఒక మనిషికి వస్తుంది. ఒకప్పుడు ఒక ఇంటికి వస్తుంది. ఒక్కొక్కసారి దేశం దేశానికే వస్తుంది.

కొంతకాలం క్రితం ఒక పల్లె విచారణలో తపస్సుకాలపు ధ్యానాలు చెప్పాను. ఆ సాయంత్రం అంశం అంతరంగ ప్రార్థన. వెనుక వరుసలో చాప మీద కూర్చున్న ఒక తల్లి లేచి, "స్వామీ, ఇదంతా మఠాల్లో ఉండే అమ్మలకు బాగుంటుంది. మేము తెల్లవారితే కూలికి పోవాలి. మా వాళ్ళకు అన్యాయం జరిగినప్పుడు కళ్ళు మూసుకొని కూర్చుంటే తీరుతుందా?" అని అడిగింది. నేనేదో జవాబు చెప్పాను. అది నాకే తృప్తి కలిగించలేదు. ఈ వారం పాఠం ఆ తల్లికి నేను బాకీపడిన జవాబు అనుకోండి.

2022 మే 15వ తేదీ మనలో చాలామందికి గుర్తుంటుంది. ఆనాడు రోములో అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు కన్యాకుమారి సీమకు చెందిన మన దేవసహాయం పిళ్ళైగారిని పునీతునిగా ప్రకటించారు. ఆ రోజు పునీతులైన పదిమందిలో తీతు బ్రాండ్స్మ అనే డచ్చి గురువులు కూడా ఉన్నారు. మన చూపంతా దేవసహాయంగారి మీదనే ఉండటంవల్ల ఈయన పేరు మన చెవిన పెద్దగా పడలేదు. (దేవసహాయంగారికి క్రీస్తును పరిచయం చేసినవాడు డచ్చి కంపెనీ కొలువులో వచ్చి తిరువాన్కూరు రాజుకు పట్టుబడిన డెలనాయ్ అనే సేనాని. ఇద్దరూ ఒకే రోజున పునీతులు కావటం నాకు ముచ్చటగా తోచింది.)

తీతు గురువులు 1881 ఫిబ్రవరి 23న హాలెండు దేశపు ఉత్తరాన ఫ్రీస్‌లాండు అనే పచ్చిక బయళ్ళ సీమలో, పాడిపశువుల మీద బతికే ఒక రైతు ఇంట పుట్టారు. ఆ ఇంటి ఆరుగురు బిడ్డలలో ఐదుగురు సన్యాస జీవితం పుచ్చుకున్నారు. ఈయన 17వ ఏట కార్మెల్ సభలో చేరారు. 1905లో గురుపట్టం, 1909లో రోములో తత్వశాస్త్రంలో డాక్టరు పట్టం. 1923లో నైమేఖెన్ పట్టణంలో కతోలిక విశ్వవిద్యాలయం ఆరంభమైననాటినుండి అక్కడ ఆచార్యులు. 1932-33లో ఆ విద్యాలయానికి అధిపతిగా కూడా ఉన్నారు. సన్నని మనిషి, తరచూ కడుపు జబ్బుతో బాధపడేవారు. పొగాకు పైపంటే ఇష్టం. పునీతుల బొమ్మలలో పైపు కనబడదు గాని, అది కూడా చెప్పుకోవాలి.

ఆయన బోధించిన శాస్త్రానికి పండితులు మార్మికత అని పేరు పెట్టారు. మనిషి లోలోతున దేవునితో ఏకమయ్యే మార్గం గురించిన విద్య అది. దీన్ని పూర్వం కొందరు మహనీయులకే దక్కిన వరమని అనుకునేవారు. దర్శనాలు, పరవశాలు, గాయాల ముద్రలు, ఇవే మార్మికత అని ఇప్పటికీ మనలో చాలామంది భావన. తీతు గురువులు ఒప్పుకోలేదు. దేవుడు ప్రతి మనిషి ఉనికి అడుగున ఉన్నాడనీ, మనల్ని క్షణక్షణం నిలిపి ఉంచుతున్నది ఆయనేననీ, ఆ సన్నిధిని గుర్తించి బతకటానికి అందరూ పిలువబడ్డారనీ ఆయన బోధ. మన భాషలో చెప్పాలంటే బావిలో ఊట వంటిది. పైన నాచు పట్టినా, బొక్కెన విరిగినా, అడుగున ఊట ఊరుతూనే ఉంటుంది. పోలిక నాది, సంగతి ఆయనది.

ఇక్కడ కాస్త ఆగండి. నా అంతరంగంలో దేవుడు ఉన్నాడని సంతోషించటం సులభం. మరి పక్కింటివాడి అంతరంగంలో? నాకు గిట్టనివాడి అంతరంగంలో? ఊరి చివరి గుడిసెలో పుట్టిన బిడ్డలో? అక్కడ కూడా అదే దేవుడు ఉన్నాడని ఒప్పుకున్న మరుక్షణం ధ్యానం న్యాయం సంగతిలోకి వచ్చేస్తుంది. తప్పించుకునే దారి లేదు. తీతు గురువులకు జరిగింది అదే. పొరుగున జర్మనీలో నాజీలు యూదులను తక్కువ జాతి అని వేరుచేస్తున్న రోజులలో, ఆ సిద్ధాంతం అబద్ధమని ఆయన తరగతి గదిలోనే పాఠం చెప్పారు.

1940 మే 10న జర్మను సేనలు హాలెండులో అడుగుపెట్టాయి. మరుసటి ఏడు, యూదుల పిల్లలను బడులనుండి తీసివేయాలని ఉత్తర్వు వచ్చింది. కతోలిక పాఠశాలల సంఘానికి అప్పుడు తీతు గురువులే పెద్ద. పిల్లలను పంపివేయటానికి ఆయన అంగీకరించలేదు. తరువాత పత్రికల వంతు వచ్చింది. నాజీలకు తోడుగా ఉన్న డచ్చి పార్టీ ప్రకటనలను ఏ పత్రికా నిరాకరించకూడదని 1941 డిసెంబరులో ఆజ్ఞ అయింది. 1935నుండి కతోలిక పత్రికా రచయితలకు ఆధ్యాత్మిక సలహాదారు కూడా ఈయనే. పీఠాధిపతుల నిర్ణయాన్ని లేఖగా తీసుకొని, 1942 జనవరి తొలి రోజులలో, ఊరూరా తిరిగి సంపాదకులను స్వయంగా కలిశారు. అలాంటి ప్రకటన వేసిన పత్రిక ఇక కతోలిక పత్రిక కాదని చెప్పారు. దానివల్ల ఏమి ముంచుకురావచ్చునో కూడా దాచకుండా చెప్పారు. పట్టుబడేలోపు 14మంది సంపాదకులను కలుసుకోగలిగారు.

చూడండి, ఆయన చేసినది ఎంత చిన్న పని! తుపాకి పట్టలేదు. ఊరేగింపు తీయలేదు. ఒక ప్రకటన అచ్చు వేయవద్దని చెప్పటానికి తిరిగారు, అంతే. నేడు ప్రతి ఇంటా చేతిలో ఫోను ఉంది. ఒక కులాన్నో మతాన్నో దూషించే మాట మన చేతికి వస్తే, దాన్ని పదిమందికి పంపటమో ఆపటమో మన వేలి కొసన ఉంది. ఆ అర్థంలో మనమందరం సంపాదకులమే.

జనవరి 19న మఠానికి వచ్చి ఆయనను పట్టుకుపోయారు. స్ఖెవెనింగెన్ చెరసాలలో ఒంటరి గదిలో పెట్టారు. ఆ గదిలో ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి, దినచర్య నిర్ణయించుకోవటం. ప్రార్థనకు ఇంతసేపు, చదువుకు ఇంతసేపు, నాలుగు అడుగుల గదిలోనే నడకకు ఇంతసేపు. రొట్టె, ద్రాక్షారసం లేవు కనుక దివ్యబలిపూజను మనసులోనే అర్పించుకునేవారు. గురువు మీద అలవాటైన ఏకాంతం చెరసాలలో పనికివచ్చింది. మఠంలో ఆయన గది ఎలాంటిదో ఇదీ అలాంటిదే అన్నంత నిమ్మళంగా ఉన్నారు. తన సభకు తల్లివంటి అవిలా పునీత తెరేజమ్మగారి చరిత్ర రాయటం మొదలుపెట్టారు. కాగితం అయిపోతే వేరొక పుస్తకంలో అచ్చయిన పంక్తుల మధ్య ఖాళీలో రాశారు.

డచ్చి ప్రజలు, ముఖ్యంగా కతోలికులు, ఆ పార్టీని ఎందుకు ఎదిరిస్తున్నారో రాసి ఇమ్మని విచారణ అధికారి అడిగాడు. తీతు గురువులు దాచకుండా రాశారు. చివరలో హాలెండును, జర్మనీని కూడా దీవించమని దేవుణ్ణి వేడుకున్నారు. తన్ను బంధించినవారి దేశాన్ని కూడా! శత్రువును ప్రేమించటమంటే అతడి అబద్ధానికి తల ఊపటం కాదని ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

అక్కడినుండి ఆమర్స్‌ఫోర్ట్ శిబిరానికి మార్చారు. చలి, ఆకలి, రక్త విరేచనాలు. ఆ ఏడు పవిత్ర శుక్రవారం ఏప్రిల్ 3న వచ్చింది. ఆ సాయంత్రం ఆయన ఒక పెట్టె మీద నిలబడి, క్రీస్తునాథుని శ్రమలను ధ్యానించిన పూర్వపు డచ్చి యోగుల గురించి తోటి ఖైదీలకు చెప్పారు. విన్నవారిలో అన్ని రకాల వారూ ఉన్నారు.

కార్మెల్ సభకు చెరసాల కొత్త కాదు. పునీత సిలువ యోహానుగారిని 1577 డిసెంబరులో తొలేదో పట్టణంలో బంధించినది పరాయివారు కాదు, ఆయన సభలోని సోదరులే. సంస్కరణ వారికి గిట్టలేదు. గాలి వెలుతురు లేని ఇరుకు గదిలో దాదాపు తొమ్మిది నెలలు ఉంచారు. అక్కడే ఆయన గొప్ప కవితలు కొన్ని పుట్టాయి. ఆత్మకు వచ్చే చీకటి రాత్రి దేవుడు లేడనటానికి గుర్తు కాదని, ఆయన మరీ దగ్గరికి వచ్చినప్పుడు మన కళ్ళు తాళలేకపోవటమని ఆ మహనీయుని బోధ.

ఈ బోధను మనవాళ్ళు ఒక్కొక్కసారి తప్పుగా వాడతారు. తాగి కొట్టే భర్తను భరించమనటానికి, కూలి ఎగవేసిన ఆసామిని క్షమించి ఊరుకోమనటానికి 'అదంతా దేవుడిచ్చిన సిలువ' అంటారు. ఆ సిలువ యోహానుగారే ఏమి చేశారో చూడండి. 1578 ఆగస్టులో ఒక రాత్రి దుప్పట్లు చింపి ముడివేసి, కిటికీలోనుండి దిగి పారిపోయారు! దేవుడిచ్చిన చీకటి వేరు, మనిషి వేసిన తలుపు వేరు. ఆ తేడా ప్రార్థించే మనిషికి బాగా తెలుస్తుంది. ఆ పల్లె తల్లికి నేను ఆనాడు ఈ మాట చెప్పి ఉండవలసింది.

తీతు గురువులను 1942 జూన్‌లో జర్మనీలోని డాఖౌ శిబిరానికి చేర్చారు. అక్కడ గురువులను ప్రత్యేకంగా కొట్టేవారు. ఒకరి చేతినుండి ఒకరికి రహస్యంగా అందిన దివ్యసత్ప్రసాదాన్ని ఆయన కళ్ళజోడు పెట్టెలో దాచుకునేవారు. దెబ్బలు పడుతుంటే ఆ పెట్టెను గుండెకు అదుముకొని ఉండేవారు. ఐదు వారాలకు ఒళ్ళు పూర్తిగా తెగిపోయింది. జూలై 26, ఆదివారం, శిబిరపు ఆసుపత్రిలో విషపు సూది వేసి చంపారు.

అదే ఆదివారం హాలెండు దేవాలయాలలో మరొక సంగతి జరిగింది. యూదులను బళ్ళకెక్కించి తరలించటాన్ని ఖండిస్తూ పీఠాధిపతులు రాసిన లేఖను గుడిగుడిలో చదివారు. నాజీలు వెంటనే పగతీర్చుకున్నారు. ఆగస్టు 2న, జ్ఞానస్నానం పొంది కతోలికులైన యూదులను ఇళ్ళనుండి, మఠాలనుండి పట్టుకుపోయారు. వారిలో ఎఖ్ట్ ఊరి కార్మెల్ మఠకన్య ఎడిత్ స్టెయిన్‌గారు, ఆమె చెల్లెలు కాని అక్కే అయిన రోజాగారు ఉన్నారు. సిలువ యోహానుగారు పుట్టి నాలుగు వందల ఏళ్ళయిన సందర్భంలో ఆయన బోధ మీద ఆమె అప్పుడు ఒక గ్రంథం రాస్తున్నారు. ఆగస్టు 9న ఆష్విట్జ్‌లో అక్కచెల్లెళ్ళను ప్రాణాలు తీశారు. ఆమెను 1998లో శ్రీసభ పునీతురాలిగా ప్రకటించింది.

అయితే పీఠాధిపతులు నోరు మెదపకుండా ఉంటే ఆమె బతికేదేమో గదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీన్ని కప్పిపుచ్చి ధైర్యం గురించి ప్రసంగాలు చేయకూడదు. సత్యం పలికితే వెంటనే మంచి జరుగుతుందని సువార్త ఎక్కడా మాట ఇవ్వలేదు. కాని చంపినవాడి నేరాన్ని సత్యం పలికినవాడి నెత్తిన పెట్టకూడదని నా అభిప్రాయం. జ్ఞానస్నానం పొందినవారిని మాత్రం కాపాడుకొని తక్కిన యూదుల సంగతి మనకెందుకని ఊరుకుని ఉంటే, ప్రతి మనిషి లోతునా దేవుడున్నాడనే మాటను మనమే కాలరాసినట్లయ్యేది. క్రైస్తవ నిరీక్షణ అంటే గెలుస్తామనే లెక్క కాదు. లెక్క తప్పినా నిలబడనిచ్చే ఊట.

మరి మన ఇళ్ళలో ఏమి చేద్దాం? తీతు గురువులు దినచర్యతో మొదలుపెట్టారు, మనమూ అక్కడే మొదలుపెడదాం. సాయంత్రం కుటుంబ జపమాల అయిన తరువాత టీవీ పెట్టబోయే ముందు ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోండి. చిన్నపిల్లలు కదులుతారు, కదలనివ్వండి. దేవుడు లోపల ఉన్నాడని గుర్తు చేసుకోవటమే ఆ సమయంలో పని. తరువాత, మన వీధిలో అన్యాయం జరిగిన ఒక్క మనిషి పేరు ఇంటిపెద్ద పైకి పలకాలి. పేరు లేకుండా 'బీదలందరి కోసం' అంటే మనకు ఏ ఖర్చూ ఉండదు. పేరు పలికితే, మర్నాడు ఆ మనిషి ఎదురుపడతాడు. ఆఫీసుకు తోడు రమ్మంటాడు. అర్జీ రాసిపెట్టమంటాడు. సాక్షి సంతకం అడుగుతాడు. ప్రార్థన ఎక్కడ ఆగిందో, ఎక్కడ నడిచిందో అప్పుడు తెలుస్తుంది.

చివరగా డాఖౌ ఆసుపత్రి సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ పనిచేసిన నర్సు కతోలిక ఇంట పెరిగి విశ్వాసం వదిలేసిన యువతి. తీతు గురువులు ఆమెను నిందించలేదు. తోటి ఖైదీ ఒకరు తనకు చేసిపెట్టిన జపమాలను ఆమె చేతిలో పెట్టారు. తనకు ప్రార్థించటం రాదని ఆమె అంది. అయితే మంగళవార్త జపంలో పాపుల కోసం దేవమాతను వేడుకునే ఆ చివరి భాగమైనా చెప్పమన్నారు. కొన్ని రోజులకు ఆ సూది వేసినది ఆమె చెయ్యే. ఏళ్ళు గడిచాక, ఆయనను పునీతునిగా ప్రకటించటానికి సాక్ష్యాలు సేకరిస్తున్నప్పుడు ఆమె తానుగా వచ్చి జరిగినదంతా చెప్పింది. జపమాల సంగతి మనకు తెలిసినది ఆమె నోటినుండే.