హిమశిఖరారోహణకు దేహ సన్నాహం

నేపాల్‌లోని మేరా శిఖరం 6,476 మీటర్ల ఎత్తు. నిట్టనిలువు శిలలను ఎక్కవలసిన పని లేదు; బూట్లకు ఇనుప ముళ్లు తగిలించుకొని హిమానీనదం మీద ఓపికగా నడవగలిగితే చాలునంటారు. అందువలననే మన ఇళ్లలోని యువతీయువకులు కూడా నేడు ఆ దారి పడుతున్నారు. ఇటీవల ఒక తల్లిగారు వచ్చి, కుమారునికి ఆయాసం రాకుండా ఏదైనా లేహ్యం ఇమ్మని కోరారు. అటువంటి లేహ్యం నా వద్ద లేదు. అయితే ప్రయాణానికి ఆరు నెలల వ్యవధి ఉన్నది కనుక చేయదగిన పని మాత్రం చాలా ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది వ్యాయామం. స్నిగ్ధాహారం తినే బలవంతులు శీతకాలంలోను, వసంతంలోను తమ బలంలో సగం మేరకు వ్యాయామం చేయాలనీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలనీ అష్టాంగహృదయం చెబుతున్నది. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చిందంటే సగం బలం ఖర్చయినదని గుర్తు. ఇది సోమరులకు ఇచ్చిన మినహాయింపు కాదని మా గురువుగారు పదే పదే చెప్పేవారు. బలం పెరిగినకొద్దీ ఆ సగమూ పెరుగుతుంది. ఈ నెల సగమైనది రానున్న నెలల్లో పావు అవుతుంది. కనుక మొదట ఉత్త చేతులతో మెట్లెక్కండి. తరువాత వీపున సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకొని, క్రమంగా బరువు పెంచండి. దిగడం కూడా సాధన చేయాలి, మోకాళ్లు దెబ్బతినేది అక్కడే. వసంతంలో వెళ్లేవారికి ఈ సాధన చలికాలంలో పడుతుంది. కార్తీకమాసంలో వెళ్లేవారు మాత్రం మన ఎండలకు వెరచి తెల్లవారుజామునే ముగించాలి.

హిమాలయ వాయువు శీతం, రూక్షం. రెండూ వాతాన్ని పెంచేవే. రాత్రివేళ పాదాలకు, పిక్కలకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసుకోండి. నేతితో అన్నం, నువ్వుండలు, ఖర్జూరాలు, వేడినీరు మంచివి. శొంఠి కషాయం ఆకలిని నిలుపుతుంది. అంతవరకే, అది ఎత్తు వలన కలిగే జబ్బును ఆపదు. కర్పూరం వాసన చూడటం, వెల్లుల్లి చారు త్రాగడం కూడా ఆపవు. కర్పూరం పొరపాటున మ్రింగితే విషమే.

5,500 మీటర్ల వద్ద గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో సుమారు సగమే. దేహం దానికి అలవాటు పడటానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందటి రాత్రికంటె 500 మీటర్లకు మించి పెరగరాదు. మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి దినం ఉండాలి. తొందరపెట్టి తక్కువ రోజుల్లో ముగిస్తామనే యాత్రానిర్వాహకుని వెంట పంపకండి. మద్యం, నిద్రమాత్రలు నిషిద్ధం. ఆధునిక వైద్యులు అసెటజోలమైడ్ అనే మాత్ర ఇస్తారు. నేను దానిని వద్దనను. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందుగా వైద్యునికి చెప్పాలి. రక్తహీనత, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు పరీక్షలు చేయించుకోకుండా బయలుదేరరాదు.

తలనొప్పితోపాటు వికారమో, నీరసమో కనిపిస్తే ఆ రోజు పైకి వెళ్లరాదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడకలో తూలినా, మాట పొంతన లేకపోయినా అది ప్రాణాపాయం. కషాయం కాచుకుంటూ కూర్చోక, అర్ధరాత్రియైనా వెంటనే క్రిందికి దిగాలి. బుద్ధి మందగించిన రోగి తన స్థితిని తాను గ్రహించలేడు కనుక ఈ లక్షణాలను ముందే తోటివారికి చెప్పి ఉంచాలి. దింపేటప్పుడు అతనిని ఒంటరిగా పంపరాదు.