విమానచోదకుడు రాత్రి యింటికి చేరునా?

విద్యార్థులారా, మన పాఠశాలయందు పై తరగతుల బాలబాలికలను, మీరు పెద్దవారైన పిమ్మట ఏ వృత్తి నవలంబింపగోరుచున్నారని యడిగినచో, ప్రతి తరగతిలోను ఇద్దరు ముగ్గురైనను విమానచోదకులము కాగోరుచున్నామని చెప్పుదురు. వారికి జీతమెంత, చదువెంత, కంటిచూపు ఎట్లుండవలెనను సంగతులు తెలియును. ఆ వృత్తిలో నున్నవాడు రాత్రి యెచ్చట నిద్రించునని మాత్రము వారిలో నెవరును అడుగరు. ఆ ప్రశ్న నడుగువారు తల్లులు. ప్రశ్న చిన్నదిగా కనబడినను, దానికి సరియైన ప్రత్యుత్తర మిచ్చుటకు విమానముల కంపెనీ యెట్లు నడచునో కొంత తెలిసికొనవలసియున్నది. అందుచేత ఈ సంవత్సరము పత్రికకు ఈ విషయమునే పాఠముగా వ్రాయుచున్నాను. చోదకుడని పుంలింగమున వ్రాసినను బాలికలు తమ్ము విడిచినట్లు తలంపవలదు. మన దేశములో స్త్రీ పైలట్ల వంతు అనేక దేశములలోకంటె హెచ్చుగా నున్నది.

రైల్వే కుటుంబముల పిల్లలకు ఈ సంగతి సులభముగా బోధపడును. కాజీపేట, గూడూరు వంటి జంక్షనులలో రన్నింగురూములు కలవు. బండిని తెచ్చిన డ్రైవరు అచ్చట భుజించి, నిద్రించి, మరియొక బండితో తన యూరికి మరలును. ఇప్పుడు రైల్వేవారు డ్రైవరును లోకోపైలటు అనుచున్నారు గనుక పేరులోకూడ రెండు వృత్తులకును దూరము తగ్గినది. రైలు పైలటునకు రన్నింగురూ మెట్టిదో విమానపు పైలటునకు హోటలు అట్టిది.

ప్రతి పైలటునకును కంపెనీవారు ఒక విమానాశ్రయమును స్వస్థానముగా నిర్ణయింతురు. దీనిని బేసు అందురు. పైలటు బేసునుండి బయలుదేరి, కొన్ని విమానములను నడపి, మరల బేసునకు చేరువరకు గల పని యంతయు ఒక యాత్రగా లెక్కింపబడును. కొన్ని యాత్రలు ఒక దినములోనే ముగియును. కొన్ని మూడు నాలుగు దినములు సాగును. హైదరాబాదునుండి లండనుకు సుమారు పది గంటలు పట్టును గనుక, అట్టి దూరప్రయాణపు విమానమును నడపువాడు ఆ రాత్రియే యింటికి చేరుట అసాధ్యము. ఇందులో విచారింపవలసిన దేమియు లేదు. విచారింపవలసినది గంట, రెండు గంటల దూరముగల యూళ్లకు నడచు విమానముల సంగతి. అవి నడపువారిలో కొందరు ప్రతిరాత్రియు ఇల్లు చేరుచుండగా, అట్టి విమానములనే నడపు మరికొందరు నెలలో సగము రాత్రులు హోటళ్లలో గడపుటకు కారణమేమి?

కారణము పైలటునందు లేదు, విమానమునందున్నది. విమానము ఎచ్చట రాత్రి నిలుచునో పైలటును అచ్చటనే నిలువవలెను. ఒక పెద్ద నగరమును కేంద్రముగా చేసికొని, చుట్టునున్న చిన్న పట్టణముల ప్రయాణికులను అచ్చటికి చేర్చి, అచ్చటినుండి దూరదేశపు విమానముల నెక్కించు కంపెనీలు కలవు. అమెరికాలోని అట్లాంటా, షికాగో, డాలసు నగరములు ఇట్టి కేంద్రములు. చిన్న పట్టణపు వర్తకుడు ఉదయము 6 గంటలకు బయలుదేరి, కేంద్రమునకు చేరి, 9 గంటల విమానము నందుకొనగోరును. ఉదయము 6 గంటలకు బయలుదేరవలసిన విమానము ఆ పట్టణమునకు ఎప్పుడు రావలెను? ముందు రాత్రియే రావలెను. దానితోకూడ ఇద్దరు పైలట్లును, పరిచారికలును వచ్చి ఆ యూరి హోటలులో పరుండవలెను. కనుక ఒకరు తెల్లవారుజామున తమ యింటినుండి సుఖముగా బయలుదేరుటకై మరి నలుగురు తమ యిండ్లకు దూరముగా నిద్రించిరన్నమాట. టిక్కెట్టు కొనునప్పుడు మన మీ సంగతి తలంపము.

ఈ పద్ధతికి మారుగా మరియొక పద్ధతి కలదు. 1984లో స్థాపింపబడిన ఐర్లండు దేశపు ర్యాన్‌ఎయిరు కంపెనీ యూరపు ఖండమున అనేక పట్టణములయందు బేసుల నేర్పరచినది. ప్రతి బేసులోను కొన్ని విమానములు, వాటికి తగిన పైలట్లును ఉందురు. విమానము ఉదయము బయలుదేరి, రెండు లేక మూడు ఊళ్లకు పోయి వచ్చి, రాత్రికి ఆ బేసునకే చేరును. ఇది దయవలన పుట్టిన యేర్పాటు కాదు, హోటలు ఖర్చును తప్పించుకొనగోరిన లెక్కలపుస్తకమునుండి పుట్టినది. కారణమేదైనను ఫలము మాత్రము భార్యాబిడ్డలకు చేరుచున్నది. అమెరికాలో లాస్‌వేగసు ముఖ్యస్థానముగాగల అలీజియంటు అను కంపెనీయు ఇట్టిదే. అది చిన్న పట్టణములవారిని సముద్రతీరములకును విహారస్థలములకును చేర్చును. విహారమునకు పోవువానికి ఉదయము 6 గంటలకే బయలుదేరవలెనను తొందర లేదు, వేరు విమానము నందుకొనవలసిన పనియు లేదు. అందుచేత విమానము తన స్థానమునుండియే బయలుదేరి పోయి, తన స్థానమునకే తిరిగి వచ్చుటకు వీలు కలిగినది.

ఇట్టి పైలటు యొక్క ఒక దినమును లెక్కవేసి చూతము. ఇది నేను కల్పించిన ఉదాహరణమైనను అందలి కొలతలు వృత్తికి తగినవే. ఉదయము 5-40కి ఆఫీసునందు హాజరు. వాతావరణమును, ఇంధనమును, విమానపు స్థితిని పరీక్షించుటకు 45 నిమిషములు. 6-25కి బయలుదేరి రెండున్నర గంటల దూరమునగల యొక యూరికి 8-55కి చేరును. ప్రయాణికులు దిగి, క్రొత్తవారెక్కుటకు 25 నిమిషములు. 9-20కి బయలుదేరి 11-50కి బేసు. మరల 25 నిమిషములు. 12-15కి గంటుంబావు దూరమునగల మరియొక యూరికి బయలుదేరి 1-30కి చేరి, 1-55కి మరలి, 3-10కి బేసు చేరును. కాగితముల పని ముగించుకొనుటకు అరగంట. 3-40కి పని ముగిసినది. ఆకాశమున గడచినది ఏడున్నర గంటలు. మొత్తము పని పది గంటలు. మిగిలిన రెండున్నర గంటలు ఎట్లు వ్యయమైనవో మీరే కూడుకొని చూడుడు. కాక్‌పిటు విడిచి కాళ్లు చాపుకొనుటకుగూడ సరియైన వేళ దొరకని దినమిది.

నాలుగున్నరకు ఇల్లు చేరి, బడినుండి వచ్చిన పిల్లలను చూచి, వారితో భోజనము చేయవచ్చును. ఇంతవరకు బాగుగానే యున్నది. కాని 5-40కి హాజరగుటకు అతడు 4 గంటలకే లేచియుండవలెను. మరునాడును అదే వేళ యైనచో రాత్రి 8 గంటలకే పరుండవలెను. ఇంటిలో పిల్లలు అప్పుడు పాఠములు బిగ్గరగా చదువుచుందురు. కావున ఇల్లు చేరుట వేరు, ఇంటిలోనివారికి దక్కుట వేరు అని యిట్టి కుటుంబములవారు త్వరలోనే నేర్చుకొందురు. ర్యాన్‌ఎయిరు పైలట్లకు సాధారణముగా అయిదు దినములు పని, నాలుగు దినములు విశ్రాంతి. ఒక అయిదు దినములు ఉదయపు పనియైనచో, విశ్రాంతి పిమ్మట వచ్చు అయిదు దినములు మధ్యాహ్నము మొదలు రాత్రివరకు. ఆ రెండవ వారమున అతడు ఇల్లు చేరుసరికి అర్ధరాత్రి సమీపించును. యూరపులోని నిబంధనలప్రకారము స్వస్థానమున ఇచ్చు విశ్రాంతి, ముగించిన పని యెంతసేపో అంతకు గాని, 12 గంటలకు గాని, రెండింటిలో ఏది యెక్కువైన దానికి తక్కువ కాకూడదు. పరస్థలమునందైనచో 10 గంటలు చాలును. ఇంటినుండి పోయి రావలెను గనుక ఈ రెండు గంటల భేద ముంచిరి. సంవత్సరమునకు 900 గంటలకు మించి విమానము నడపరాదనియు అచ్చట నియమము కలదు.

ఏ పైలటునకు ఏ యాత్ర దొరకునను ప్రశ్న మిగిలియున్నది. అమెరికాలో ఇది సర్వీసు వరుసనుబట్టి జరుగును. నెలనెలకు కంపెనీవారు యాత్రల పట్టికను ప్రకటింతురు. పైలట్లు తమకు కావలసినవి కోరుకొందురు. కంపెనీలో ముందు చేరినవాని కోరిక ముందు తీరును. ఒకదినపు యాత్రలను చిన్నపిల్లల తండ్రులు ఎక్కువగా కోరుదురు, కాని చిన్నపిల్లలుగల వయస్సులో సర్వీసు తక్కువ. సర్వీసు పెరిగి కోరినది దొరకుసరికి పిల్లలు కాలేజీకి పోయియుందురు. ఈ వరుసయం దింకొక కఠినత్వమున్నది. పైలటు కంపెనీ మారినచో తన వరుసను వెంట తీసికొనిపోలేడు. 1991లో ఈస్టరన్ ఎయిర్‌లైన్సు మూతపడినప్పుడు, అందు ఏండ్లతరబడి పనిచేసినవారు ఇతర కంపెనీలలో క్రొత్తవారితో సమానముగా అట్టడుగునుండి ఆరంభింపవలసివచ్చెను.

ఇంతవరకు పైలటు బేసున్న యూరిలోనే కాపురమున్నాడని యనుకొంటిమి. ఇది యన్నివేళల నిజము కాదు. బేసు ఖరీదైన నగరమున నుండవచ్చును. భార్యయొక్క ఉద్యోగము వేరొకచోట నుండవచ్చును. అట్టివారు పనికి పోవుటకే విమాన మెక్కి వేల మైళ్లు పోవుదురు. దీనివలన ఏమి జరుగగలదో 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి లోకమునకు తెలిసినది. న్యూఆర్కునుండి బఫలో నగరమునకు పోవుచుండిన కోల్గన్ ఎయిర్ కంపెనీ 3407వ సంఖ్య విమానము, దిగుటకు కొంచెము ముందు క్లారెన్సు సెంటరను గ్రామమున ఒక యింటిపై కూలెను. విమానములోని 49 మందియు, ఆ యింటిలో నొకరును మరణించిరి. వేగము తగ్గి హెచ్చరిక కలిగినప్పుడు కెప్టెను విమానపు ముక్కును దించుటకు బదులు పైకి లాగుటయే ప్రధాన కారణమని విచారణలో తేలెను. అయితే మరియొక సంగతియు బయటపడెను. ఉపచోదకురాలి నివాసము పడమటి తీరమున సియాటిలు వద్ద. ఆమె బేసు తూర్పుతీరమున న్యూఆర్కు. ముందు రాత్రి యంతయు సరకుల విమానములలో కూర్చుండి, మెంఫిసులో మారి, దేశము నడ్డముగా దాటి ఆమె పనికి వచ్చెను. కెప్టెనుయొక్క నివాసము ఫ్లారిడాలో. అతడు ముందు రాత్రి విమానాశ్రయమున ఉద్యోగుల గదిలో గడపెను. అలసటవలన వారి పనితనము తగ్గియుండుననియు, ఎంత తగ్గెనో నిశ్చయించుట శక్యము కాదనియు విచారణాధికారులు వ్రాసిరి. ఆ నాటి ప్రయాణము చిన్నదే యని గమనింపుడు. పట్టికలో చూచినచో అది సులభమైన పని.

మృతుల బంధువులు ఊరకుండక అమెరికా శాసనసభ గడపలు త్రొక్కిరి. 2010లో శాసనమును, 2014 జనవరినుండి క్రొత్త విశ్రాంతి నియమములును వచ్చెను. పనికి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు అంతరాయము లేక నిద్రించుటకు అవకాశము, వారమునకు ఒకసారి వరుసగా 30 గంటలు పూర్తి విరామము. సరకుల విమానములను ఈ నియమములనుండి మినహాయించిరి. నిద్ర మనుష్యులను మోయువానికి వలెనే మూటలను మోయువానికిని అవసరమే గదా! ఇంటినుండి బేసునకు పైలటు చేయు దూరప్రయాణమును మాత్రము ఏ నియమమును పనిగా లెక్కింపదు. అది అతని సొంత భారము.

బేసున్న యూరిలోనే ఇల్లు కట్టుకొన్నవానికైనను నిశ్చింత లేదు. లాభము తగ్గినచో కంపెనీ బేసునే యెత్తివేయును. 2022 మార్చి నెలాఖరున ర్యాన్‌ఎయిరు తన ఫ్రాంకుఫర్టు బేసును మూసివైచి, అచ్చటి పైలట్లకు ఇతర బేసులలో స్థానములు చూపెను. ఉద్యోగము పోలేదు, కాని ప్రతిరాత్రియు చేరుచుండిన ఇల్లు వేరొక యూరిలో మిగిలిపోయినది.

మన దేశమున హైదరాబాదునుండి రాజమహేంద్రవరము, తిరుపతి వంటి యూళ్లకు నడచు చిన్న విమానములయందు ఆ రాత్రికే బేసు చేరు అవకాశము హెచ్చు. కాని మన నగరములయందు అర్ధరాత్రి దాటిన పిమ్మట నడచు విమానములును అనేకము. డి.జి.సి.ఎ. అను ప్రభుత్వ శాఖవారు 2024లో నిబంధనలను మార్చిరి. వారపు విశ్రాంతి 36 గంటలనుండి 48 గంటలకు పెరిగెను. రాత్రియనగా 5 గంటలవరకే కాక 6 గంటలవరకు అని నిర్ణయించిరి. రాత్రివేళ దిగుటలను ఆరునుండి రెండింటికి తగ్గించిరి. ఇవి 2025 జూలైలోను, నవంబరులోను రెండు విడతలుగా అమలునకు వచ్చెను. డిసెంబరులో దేశమందలి మిక్కిలి పెద్ద కంపెనీకి క్రొత్త నియమములకు చాలినంతమంది పైలట్లు లేక వేలకొలది విమానములు రద్దయ్యెను. ప్రభుత్వము ఆ కంపెనీకి కొన్ని నియమములను తాత్కాలికముగా సడలించెను. ప్రయాణికులు విమానాశ్రయములలో నేలపై పరుండిన చిత్రములను మీరు చూచియే యుందురు. పైలట్లు చాలినంత నిద్రింపవలెనన్నచో వారి సంఖ్య ఎంత పెరుగవలెనో లెక్క ముందుగా వేయవలసినది.

ఇక తొమ్మిదవ తరగతివారి కొక లెక్క. ఒక పైలటు జనవరి 1వ తేదీన ఉదయపు పని ఆరంభించెను. అయిదు దినములు ఉదయపు పని, నాలుగు దినములు విశ్రాంతి, అయిదు దినములు సాయంకాలపు పని, నాలుగు దినములు విశ్రాంతి. ఈ 18 దినముల చక్రము తప్పక తిరుగుచుండును. అతని కుమార్తె పుట్టినదినము మార్చి 3. సెలవు పెట్టకున్నచో ఆ దినమున అతడెచ్చట నుండును? లీపు సంవత్సరములు కానియెడల మొదటి సంవత్సరమున మార్చి 3 అనునది 62వ దినము. 18 చేత భాగింపగా శేషము 8. అది విశ్రాంతిదినము, అతడు రోజంతయు ఇంటనే యుండును. రెండవ సంవత్సరమున 427వ దినము, శేషము 13, సాయంకాలపు పనిలో నాలుగవ దినము. ఆ రాత్రియు అతడు ఇల్లు చేరును. చేరుసరికి బాలిక నిద్రించియుండును. మూడవ సంవత్సరపు లెక్కను మీరు చేసి, విడగా కాగితముపై వ్రాసి నాకు చూపవలెను.